మూర్ఛ మూలం ఎక్కడ? మందు ఇచ్చి మెదడును పరీక్షించిన ఎనభై ఏళ్ల చరిత్ర

సంగం, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. తాయెత్తు కట్టించేవాళ్లూ ఉన్నారు. అయితే ఇవాళ అక్కడితో ఆగేవాళ్లు తక్కువ. ముంబై రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వస్తే నెల్లూరు. అక్కడ న్యూరాలజిస్టు ఉన్నాడు, స్కానింగ్ ఉంది, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ ఉంది. మాత్రలతో ఫిట్స్ ఆగిపోతే ఇక తిరగాల్సిన పని లేదు. ఆగకపోతే తిరుపతి, మద్రాసు, రాయవేలూరు, హైదరాబాదు అంటూ తిరుగుడు మొదలవుతుంది. ఆ తిరుగుడంతా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతుంది: ఈ ఫిట్స్ మెదడులో ఏ మూల నుంచి పుడుతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వైద్యులు తొక్కిన దారుల్లో ఒకటి చిత్రమైనది. మెదడు తనంతట తాను ఏం చేస్తుందో చూస్తూ కూర్చోకుండా, ఒక మందు ఇచ్చి, ఆ ప్రభావంలో దాని విద్యుత్ తరంగాలు ఎలా మారాయో నమోదు చేయడం. కొన్ని మందులు దాగి ఉన్న లోపాన్ని రెచ్చగొట్టి బయటపెడతాయి. కొన్ని ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని మాత్రమే కదిలించి, దెబ్బతిన్న భాగం కదలకపోవడాన్ని పట్టిస్తాయి. ఈ పద్ధతిలో ఏ మందు ఏం చూపించింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, మన రోగికి ఇందులో అక్కరకొచ్చేది ఏమిటి అన్నదే ఈ సమీక్ష.

మాత్రలు పనిచేయని చోట

స్కాట్లాండ్‌లో ప్యాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రోడీ కొత్తగా మూర్ఛ బయటపడిన 470 మందిని గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందుతో మరో 13 శాతం మందికి ఆగాయి. ఆ తర్వాత మందులు ఎన్ని మార్చినా, కలిపి ఇచ్చినా లాభపడింది చాలా కొద్దిమందే. అందుకే తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని ఇంటర్నేషనల్ లీగ్ అగైన్‌స్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. గార్డినాల్ పోయి ఎప్టాయిన్, అది పోయి టెగ్రిటాల్, ఆపైన లెవిపిల్, ఫ్రిజియం అంటూ చీటీల కట్ట పెరుగుతున్న ఇళ్లు ఈ కోవలోకి వస్తాయి.

ఇలాంటి వాళ్లలో కొందరికి శస్త్రచికిత్సతో మేలు జరుగుతుంది. కెనడాలో శామ్యూల్ వీబ్ బృందం కణత భాగపు మూర్ఛ ఉన్న 80 మందిని రెండు జట్లుగా చేసి చూసింది. ఏడాది తర్వాత, స్పృహ తప్పే ఫిట్స్ పూర్తిగా ఆగినవాళ్లు ఆపరేషన్ జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. ఈ ఫలితాలు 2001లో వచ్చాయి. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 116 మంది పిల్లల మీద ఇదే తరహా అధ్యయనం చేశారు. అక్కడ ఈ తేడా ఇంకా పెద్దది: 77 శాతం, 7 శాతం. ఈ అంకెలన్నీ ఒక షరతు మీదే నిలబడ్డాయి. తీసేయాల్సిన చోటు ఏదో ముందుగా తెలియాలి.

చాలామందికి ఆ చోటు స్కాన్‌లోనే కనిపిస్తుంది. రాయవేలూరు జిల్లాలో 50 వేలకు పైగా జనాభాను సర్వే చేసి వి. రాజశేఖర్ బృందం 2006లో ఒక సంగతి తేల్చింది: మూర్ఛతో బాధపడుతున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి కారణం పంది బద్దెపురుగు లార్వా మెదడులో కట్టిన తిత్తులు. సీటీలో తెల్లటి చుక్కలా మచ్చ కనబడితే మూలం దొరికినట్టే అనిపిస్తుంది. కానీ ఆ మచ్చ పాతదై గట్టిపడి ఒక పక్కన ఉండగా, అసలు ఫిట్స్ కణత లోపలి హిప్పోకాంపస్ అనే భాగం నుంచి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. మరికొందరికి ఎమ్మారైలో ఏమీ కనిపించదు. అలాంటప్పుడు ఇక మెదడు తరంగాల మీదే ఆధారపడాలి.

ఈఈజీ గదిలో జరిగేది

మందుతో మార్చిన రికార్డు అంటే ఏదో పెద్ద ప్రయోగశాల సంగతి అనుకోనక్కర్లేదు. మామూలు ఈఈజీ గదిలోనే అది రోజూ జరుగుతోంది. ముందురోజు తలంటుకుని రమ్మంటారు, నూనె పెట్టవద్దంటారు. టెక్నీషియన్ ముక్కు మొదలు నుంచి పిడితల దాకా టేపుతో కొలిచి, ఆ కొలతలో పది శాతం, ఇరవై శాతం దూరాల్లో గుర్తులు పెట్టి, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాడు. ఈ కొలత పద్ధతిని 1958లో మాంట్రియల్‌కు చెందిన హెర్బర్ట్ జాస్పర్ ప్రామాణికం చేశాడు. తర్వాత కళ్లు మూసుకోమంటారు, తెరవమంటారు, మూడు నిమిషాల పాటు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, కళ్ల ముందు లైటు టకటకా వెలిగించి ఆర్పుతారు.

పిల్లలైతే రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొల్పి, తెల్లవారకముందే లేపి తీసుకురమ్మంటారు. అయినా నిద్రపోకపోతే ట్రైక్లోఫాస్ సిరప్ తాగిస్తారు. తల్లి ఒడిలో పిల్లవాడు తూగుతుంటే తెరమీద గీతలు నెమ్మదిస్తాయి, నిద్ర తరంగాలు మొదలవుతాయి. మెలకువలో కనబడని పదునైన మొన, అంటే స్పైక్, ఒక్కోసారి అప్పుడు బయటపడుతుంది. దీని వెనుక 1947 నాటి పరిశోధన ఉంది. అమెరికాలో ఫ్రెడరిక్ గిబ్స్, ఎర్నా గిబ్స్ దంపతులు నిద్రలో తీసిన ఈఈజీ రోగనిర్ధారణకూ, మూలం గుర్తించడానికీ ఎంత పనికొస్తుందో అప్పుడు చూపించారు. నిద్ర రప్పించడానికి వాళ్లు వాడింది బార్బిట్యురేట్ జాతి మాత్ర.

ఇక్కడే ఒక చిక్కుంది. నిద్రమందు నిద్రను మాత్రమే తేదు, తన ముద్ర కూడా వేస్తుంది. బార్బిట్యురేట్లు, డయాజిపామ్, లోరాజిపామ్ వంటివి నుదుటి వైపు భాగాల్లో బీటా అనే వేగవంతమైన తరంగాలను పెంచుతాయి. ఫ్రిజియం వాడుతున్న మనిషి రికార్డులోనూ అవి కనిపిస్తాయి. అందుకే రిపోర్టు చదివే వైద్యుడికి రోగి ఏ మందు, ఎప్పుడు వేసుకున్నాడో తెలియాలి. ఆ సమాచారం లేకపోతే మందు గీసిన గీతను జబ్బు గీతగా పొరబడే ప్రమాదం ఉంది.

ఫిట్స్ తెప్పించి చూసిన రోజులు

నిద్రతో ఆగకుండా కొందరు మరో అడుగు ముందుకేశారు. ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే బదులు మందుతోనే తెప్పిస్తే సరిపోతుంది కదా అన్నది వాళ్ల ఆలోచన. దానికి వాడింది పెంటిలీన్‌టెట్రజాల్. అమెరికాలో మెట్రజాల్, యూరప్‌లో కార్డియజాల్ అన్న పేర్లతో దొరికేది. బుడాపెస్టులో లాడిస్లాస్ మెడూనా 1934లో స్కిజోఫ్రీనియాకు చికిత్సగా ఫిట్స్ తెప్పించడానికి కర్పూరం తర్వాత వాడింది ఇదే. మెదడులో నాడీకణాలకు కళ్లెం వేసే రసాయనం గాబా. ఈ మందు ఆ కళ్లేన్ని వదులు చేస్తుంది.

1947లో కాఫ్‌మన్, మార్షల్, వాకర్ దీన్ని తక్కువ మోతాదుల్లో ఎక్కిస్తూ ఈఈజీ తీసి, మూలాన్ని గుర్తించే పద్ధతిగా ప్రకటించారు. పదేళ్లకు, 1957లో, కోసిమో అజ్మోన్ మార్సాన్, బ్రూస్ రాల్‌స్టన్ మెట్రజాల్‌తో తెప్పించిన ఫిట్స్‌ను క్షణక్షణం విశ్లేషించి ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చెయ్యి ముందు కదిలిందా, తల ఏ వైపు తిరిగింది, మాట ఎప్పుడు ఆగింది అన్న వివరాలను తరంగాలతో జోడించి చూడటం ఆ పుస్తకం నేర్పిన విద్య. పారిస్‌లో జాన్ తలైరాక్, జాన్ బాంకో మెదడు లోపలికి సన్నటి ఎలక్ట్రోడ్లు దించి రికార్డు చేసే స్టీరియో ఈఈజీ పద్ధతిని ఆ కాలంలోనే రూపొందించారు. వాళ్లూ బెమెగ్రైడ్ అనే మందుతో ఫిట్స్ తెప్పించి చూసేవారు.

ఈ పద్ధతి ఎందుకు వెనకబడింది? మొదటి కారణం రోగి అనుభవం. కార్డియజాల్ ఎక్కగానే స్పృహ పోయేలోపు రోగిని చెప్పలేనంత భయం పట్టుకునేది. రెండోది అసలైన శాస్త్రీయ కారణం. మందు రక్తంలో కలిసి మెదడంతటికీ చేరుతుంది. మూలంలో మాత్రమే కాదు, ఆరోగ్యంగా ఉన్న చోట కూడా అది కళ్లెం వదులుతుంది. మోతాదు పెంచితే ఏ మెదడుకైనా ఫిట్స్ వస్తాయి. అలా వచ్చిన ఫిట్ రోగికి ఇంటి దగ్గర వచ్చే ఫిట్ లాంటిదేనా అన్నది ఎప్పుడూ తేలని అనుమానం. 1979లో వీజర్, బాంకో, తలైరాక్ బృందం వాటంతట అవే వచ్చిన ఫిట్స్‌ను, మందుతో తెప్పించినవాటిని, విద్యుత్తుతో తెప్పించినవాటిని పక్కపక్కన పెట్టి పోల్చింది. వీడియో ఈఈజీ అందుబాటులోకి వచ్చి, రోగిని రోజుల తరబడి గమనించడం సాధ్యమయ్యాక రసాయనంతో ఫిట్స్ రప్పించే అవసరమే తగ్గిపోయింది.

కదలని చోటును పట్టించే మందులు

బార్బిట్యురేట్ల కథ దీనికి తలకిందులు. ఇవి రెచ్చగొట్టవు, జోకొడతాయి. తక్కువ మోతాదులో ఆరోగ్యంగా ఉన్న కార్టెక్స్, అంటే మెదడు ఉపరితలం, బీటా తరంగాలతో స్పందిస్తుంది. నాడీకణాలు నశించి మచ్చ కట్టిన చోట ఆ స్పందన తక్కువగా ఉంటుంది లేదా అసలు ఉండదు. రెండు కణతలనూ పోల్చి ఏ వైపు బీటా బలహీనంగా ఉందో చూస్తే, దెబ్బతిన్న వైపు తెలిసిపోతుంది. 1975లో జెరోమ్ ఏంగెల్, డ్రైవర్, లండన్ సర్జన్ మర్రే ఫాల్కనర్ కలిసి రాసిన పత్రం ఈ విషయంలో పేరెన్నికగన్నది. ఆపరేషన్‌కు ముందు థయోపెంటాల్ ఇచ్చి తీసిన తరంగాలను, ఆపరేషన్‌లో తీసిన కణజాలాన్ని, తర్వాతి ఫలితాన్ని కలిపి చూశారు వాళ్లు. ఎమ్మారై లేని రోజుల్లో హిప్పోకాంపస్ ఎండిపోయిన సంగతిని బయటి నుంచి ఊహించడానికి ఇదొక దారి.

థయోపెంటాల్‌తో మరో సమస్యనూ విప్పారు. కొందరికి మెదడు రెండు అర్ధగోళాల్లోనూ ఒకేసారి స్పైకులు వస్తాయి. అది మొదటే రెండు వైపులా పుట్టిన మూర్ఛా, లేక ఒక వైపు పుట్టి రెప్పపాటులో రెండో వైపుకు పాకినదా? 1970లో చెసారే లొంబ్రోసో, జుసెప్పే ఎర్బా థయోపెంటాల్ మెల్లగా ఎక్కించి చూశారు. రెండో రకంలో రెండు వైపుల జోడీ విడిపోయి, పుట్టిన చోట స్పైకులు మిగిలేవి. ఇదే ప్రశ్నకు మాంట్రియల్‌లో పీటర్ గ్లూర్, థియోడోర్ రాస్ముసెన్ బృందం 1960లలో మరింత సాహసమైన జవాబు వెతికింది. జపాన్ నుంచి వచ్చిన జూన్ వాడా మెడలోని కరోటిడ్ ధమనిలోకి అమోబార్బిటాల్ ఎక్కించి ఒక అర్ధగోళాన్ని కాసేపు నిద్రపుచ్చే పరీక్షను తెచ్చాడు. మాట ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి పుట్టిన ఆ పరీక్షను గ్లూర్ బృందం మూర్ఛ ఏ వైపు నుంచి వస్తుందో తేల్చడానికీ వాడింది. అదే ధమనిలో ఒకసారి అమోబార్బిటాల్, మరోసారి మెట్రజాల్ ఇచ్చి తేడా చూశారు. మందు మెదడంతటికీ పోకుండా ఒక పక్కకే చేరడం వల్ల ఈ పరీక్ష జవాబు కొంత స్పష్టంగా ఉండేది. అయితే ధమనిలోకి గొట్టం దించడం ప్రమాదం లేని పని కాదు.

మెథోహెక్సిటాల్ ఈ కుటుంబంలోనే భిన్నమైనది. తక్కువ మోతాదులో స్పైకులు పెంచుతుంది. మోతాదు ఎక్కువైతే మెదడు తరంగాలు ఆగి ఆగి వచ్చే దశకు తెస్తుంది. ఆ నిశ్శబ్దంలో కూడా మూలం మాత్రం స్పైకులు కొడుతూనే ఉంటే దాన్ని గుర్తించడం తేలిక. 1987లో ఆలెన్ వైలర్ బృందం ఆపరేషన్ సమయంలో, 1992లో బాన్ నగరంలో హుఫ్‌నాగెల్, ఎల్గర్ బృందం ఈ రెండు గుణాలనూ పరీక్షించాయి. అయితే అసలు మూలం కాని చోట్లనూ ఇది స్పైకులు లేపగలదన్నది అనుభవంలో తేలిన సంగతి.

ఆపరేషన్ బల్ల దగ్గర

ఇవాళ ఈ పద్ధతులు ఎక్కువగా మిగిలింది ఆపరేషన్ థియేటర్లో. పుర్రె తెరిచి, మెదడును కప్పిన పొరను తెరిచి, మెత్తటి ప్లాస్టిక్ పట్టీలో పొదిగిన ఎలక్ట్రోడ్లను సర్జన్ నేరుగా కార్టెక్స్ మీద పరుస్తాడు. దీన్ని ఎలక్ట్రోకార్టికోగ్రఫీ అంటారు. వైల్డర్ పెన్‌ఫీల్డ్, జాస్పర్ మాంట్రియల్‌లో దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. సమస్యల్లా మత్తు. రోగి నొప్పి తెలియకుండా పడుకోవాలి, కానీ మెదడు మాట్లాడుతూ ఉండాలి. ప్రొపొఫాల్ ఎక్కువైతే తెరమీద గీతలు చదునైపోతాయి. అందుకే రికార్డింగ్‌కు ముందు న్యూరాలజిస్టు చెయ్యెత్తగానే ఎనస్థటిస్టు మత్తు తగ్గిస్తాడు. కొన్ని నిమిషాల తర్వాత ఒకటో రెండో స్పైకులు కనిపిస్తాయి. ఒక్కోసారి అవీ కనిపించవు. సర్జన్ కత్తి పక్కన పెట్టి ఎదురుచూస్తున్నాడు, గడియారం నడుస్తోంది. అప్పుడే మందుతో కదిలించే ఆలోచన వస్తుంది.

ఎటొమిడేట్ ఒక మార్గం. మత్తు తెచ్చే మందే అయినా తక్కువ మోతాదులో ఇది స్పైకులు లేపుతుందని గాంచర్, లాక్సర్, క్రీగర్ 1984లో చూపించారు. మాడ్రిడ్‌లో హెసూస్ పాస్టర్ బృందం కణత మూర్ఛ రోగుల్లో ఎటొమిడేట్ మూలం ఉన్న ప్రాంతాన్ని సరిగానే చూపిస్తోందని 2010లో ప్రకటించింది. పుర్రె అడుగున ఉన్న సహజమైన రంధ్రం గుండా కణత లోపలి వైపుకు ఎలక్ట్రోడ్లు పంపి వాళ్లు ఈ కొలతలు తీశారు. ఈ మందుతో కండరాలు అదిరిపడటం మామూలే. ఎడ్రినల్ గ్రంథి పనిని కొంతకాలం అణచివేయడం దీనికున్న పెద్ద లోపం.

నొప్పి తగ్గించే ఓపియాయిడ్లు రెండో మార్గం. హిప్పోకాంపస్‌లో నిరోధక కణాలను ఇవి నిద్రపుచ్చుతాయి. కాపలావాళ్లు తూగితే మిగతా కణాలు చెలరేగుతాయి. మేయో క్లినిక్‌లో గ్రెగరీ కాసినో బృందం 1993లో అల్ఫెంటనిల్‌తో దీన్ని నమోదు చేసింది. 2003లో అల్ఫెంటనిల్, రెమిఫెంటనిల్‌లను పోల్చి చూశారు. రెమిఫెంటనిల్ నిమిషాల్లో శరీరం నుంచి వెళ్లిపోతుంది కాబట్టి వాడకం సులువు. 2008లో డెన్మార్క్ వైద్యులు దీన్నే మూలం గుర్తించే సాధనంగా ప్రతిపాదించారు. మత్తువాయువు సెవోఫ్లురేన్ కూడా మోతాదు పెరిగే కొద్దీ స్పైకులు పెంచుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏ మత్తు విధానంలో ఎలక్ట్రోకార్టికోగ్రఫీ రికార్డు బాగా వస్తుందన్నది పోల్చి చూశారు.

స్పైకులను మించి సూక్ష్మమైన గుర్తు కోసం వెతికినవాళ్లకు అతివేగ తరంగాలు (హెచ్ఎఫ్ఓ) దొరికాయి. ఇవి సెకనుకు 80 నుంచి 500 సార్లు కొట్టుకుంటాయి. ఉట్రెక్ట్‌లో మారైక్ జిల్మన్స్ బృందం ప్రొపొఫాల్ వాటిని తగ్గిస్తుందనీ, మందు ఆపాక మళ్లీ కనబడతాయనీ 2012లో చూపింది. ఈ తరంగాల మీద గొప్ప ఆశలు పెట్టుకున్నారు. కానీ అక్కడే 78 మంది రోగులతో జరిపిన హెచ్ఎఫ్ఓ ట్రయల్ 2022లో ఆ ఆశలను కొంత తగ్గించింది. అతివేగ తరంగాలను నమ్మి చేసిన ఆపరేషన్లు, స్పైకులను నమ్మి చేసినవాటితో సమానమని రుజువు కాలేదు.

మందు ఇవ్వడం కాదు, తగ్గించడం

అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతికి కొత్త మందు ఏదీ అక్కర్లేదు. రోగిని వీడియో ఈఈజీ వార్డులో చేర్చుకుని, అతను వాడుతున్న మాత్రలనే మెల్లగా తగ్గిస్తారు. రెండు మూడు రోజుల్లో అతనికి మామూలుగా వచ్చే ఫిట్ కెమెరా ముందు వస్తుంది. ఇక్కడ మందు రెచ్చగొట్టింది లేదు కాబట్టి, కనబడింది రోగి సొంత ఫిట్టే. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది. మితిమీరి తగ్గిస్తే ఎప్పుడూ రాని తీవ్రమైన ఫిట్స్ రావచ్చు, అప్పుడు వాటి ఆధారంగా తీర్మానించడం కష్టమవుతుంది.

ఈ తగ్గింపులో మాంట్రియల్ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ బృందం రెండు విలువైన సంగతులు కనిపెట్టింది. మాత్రలు తగ్గించినంత మాత్రాన స్పైకులు పెరగవనీ, ఫిట్ వచ్చాకే పెరుగుతాయనీ 1989లో చెప్పింది. 2009లో ఆ బృందంతోనే కలిసి పనిచేసిన జిల్మన్స్, మాత్రలు తగ్గగానే పెరిగేది అతివేగ తరంగాలని చూపింది. స్పైకులు పెరగడమే ఫిట్స్‌కు దారి తీస్తుందన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

ప్రమాదం కూడా ఉంది. పరీక్ష వార్డుల్లో రోగులకు గుండె, ఊపిరి ఆగిపోయిన ఘటనలను ప్రపంచవ్యాప్తంగా సేకరించి ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ రివ్లాన్ బృందం 2013లో మోర్టిమస్ అధ్యయనంగా ప్రచురించింది. పెద్ద ఫిట్ తర్వాత, రాత్రిపూట, కాపలా తక్కువగా ఉన్నప్పుడు ముప్పు ఎక్కువ. మందు తగ్గించడం వైద్యపరీక్ష అవుతుంది సరే, అది రాత్రీ పగలూ మనిషి కాపలా ఉన్న చోటే జరగాలి.

ఎక్కడ తేడా కొడుతుంది

అన్ని పద్ధతులనూ ఒక వరుసలో పెట్టి చూస్తే చిక్కు ఒక్కచోటే తేలుతుంది. మూర్ఛ శస్త్రచికిత్సలో రెండు వేర్వేరు ప్రాంతాల గురించి మాట్లాడతారు. స్పైకులు కనిపించే ప్రాంతం ఒకటి. తీసేస్తే ఫిట్స్ పూర్తిగా ఆగిపోయే ప్రాంతం మరొకటి. హాన్స్ లూడర్స్ వంటి నిపుణులు ఈ తేడాను స్పష్టంగా నిర్వచించారు. మొదటిదాన్ని చూడవచ్చు, కొలవవచ్చు. రెండోది ఆపరేషన్ అయి, ఏడాది గడిచి, ఫిట్స్ రాకపోతేనే రుజువవుతుంది. రెచ్చగొట్టే మందులు పెంచి చూపించేది మొదటిదాన్నే. సర్జన్‌కు కావాల్సింది రెండోది.

పల్లెటూరి రైతుకు ఇది చెప్పనవసరం లేదు. చెరువు నిండితేనే కట్టలో ఎక్కడ ఊట ఉందో తెలుస్తుంది, కానీ చెమ్మ కనిపించిన ప్రతిచోటా గండి పడదు. మందు చేసేది చెరువు నింపడం. గండి పడే చోటును ఎంచడానికి వేరే ఆధారాలు కావాలి.

ఈ విషయంలో విద్యుత్తుకు రసాయనం మీద ఒక ఆధిక్యం ఉంది. ఎలక్ట్రోడ్ గుండా చిన్న కరెంటు పంపితే అది ప్రధానంగా ఆ చోటి చుట్టుపక్కలే కదిలిస్తుంది, మెదడంతటినీ కాదు. మాంట్రియల్, గ్రెనోబుల్ కేంద్రాల్లో 103 మంది మీద జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కరెంటుతో రోగి సొంత ఫిట్ వచ్చినవారికి ఆపరేషన్ ఫలితం మెరుగ్గా ఉంది. ముఖ్యమైన మాట 'సొంత ఫిట్'. రెచ్చగొట్టే పరీక్ష ఏదైనా ఈ గీటురాయి మీదే నిలబడాలి. మందుతో వచ్చింది రోగికి ఇంటి దగ్గర వచ్చేదానితో సరిపోలితే విలువ ఉంది, లేకపోతే అది మెదడుకు మందు పెట్టిన చికాకు మాత్రమే.

మన దగ్గర

ఈ చరిత్రలో మనకు దగ్గరి చుట్టరికం ఉంది. పెన్‌ఫీల్డ్ దగ్గర మాంట్రియల్‌లో శిక్షణ పొందిన జాకబ్ చాందీ 1949లో రాయవేలూరు సీఎంసీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. దేశంలో మొట్టమొదటి మూర్ఛ శస్త్రచికిత్స 1952 ఆగస్టులో అక్కడే జరిగింది. 1995లో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో కె. రాధాకృష్ణన్ ప్రత్యేక మూర్ఛ శస్త్రచికిత్స కార్యక్రమం ప్రారంభించారు. తక్కువ ఖర్చుతో ఏ రోగికి ఎన్ని పరీక్షలు నిజంగా అవసరమో అంచెలంచెలుగా తేల్చే పద్ధతికి ఆ కేంద్రం పేరు తెచ్చుకుంది. తెలుగు నేలమీద హైదరాబాదులో జె.ఎం.కె. మూర్తి దక్షిణ భారత మూర్ఛ రోగులను అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం విడదీసి 1998లో ప్రచురించారు. సికింద్రాబాద్ కిమ్స్‌లో న్యూరాలజిస్టు సీతాజయలక్ష్మి, న్యూరోసర్జన్ మానస్ పాణిగ్రాహి కలిసి ఆపరేషన్ల ఫలితాలను పత్రాలుగా వెలువరించారు.

చట్టం కూడా మారింది. మూర్ఛ ఉన్న మనిషి పెళ్లికి అనర్హుడన్న హిందూ వివాహ చట్ట నిబంధనను 1999లో పార్లమెంటు తొలగించింది. అయినా పెళ్లి సంబంధం కుదరదన్న భయంతో ఆడపిల్ల ఫిట్స్‌ను దాచి, పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లడం ఏళ్ల తరబడి వాయిదా వేసే ఇళ్లు ఉన్నాయి. మందులకు లొంగని మూర్ఛలో ఎదురయ్యే అసలు ఆలస్యం ఏ ఎటొమిడేట్ లేకపోవడం వల్ల కాదు, ఈ వాయిదా వల్ల.

తీర్పు

ఎనభై ఏళ్ల అనుభవం చెప్పేది ఇది. మందుతో మార్చిన ఏ ఒక్క రికార్డూ మూర్ఛ మూలాన్ని తనంతట తాను రుజువు చేయలేదు. రోగి సొంత ఫిట్ వీడియో, ఎమ్మారై, మామూలు ఈఈజీ ఒకే చోటును చూపిస్తున్నప్పుడు మందు ఆ సాక్ష్యాన్ని బలపరుస్తుంది. ఆపరేషన్ బల్ల మీద మెదడు మౌనంగా ఉన్నప్పుడు ఎటొమిడేట్, రెమిఫెంటనిల్ వంటివి కొంత సమయం ఆదా చేస్తాయి. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు మందు ఇచ్చి తీర్పు చెప్పించుకోవడం మాత్రం పొరపాటు.

సంగం నుంచి బయలుదేరే కుటుంబానికి ఇందులో పనికొచ్చే మాటలు నాలుగు. తగిన మాత్రలు రెండు వాడినా ఫిట్స్ ఆగకపోతే, మూర్ఛకు ఆపరేషన్ చేసే కేంద్రానికి ఒకసారి చూపించండి. ఈఈజీకి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు, చివరి మాత్ర వేసుకున్న సమయం కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంట్లో ఫిట్ వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, అది ఎన్నో పరీక్షలకంటే విలువైనది. పరీక్ష కోసమని మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. ఆ పని ఆసుపత్రి మంచం మీదే జరగాలి.